ఆయాసానికి ఇద్దరు సాక్షులు

వీరంపురంలో ఏ కబురైనా నిజం కావాలంటే కొమ్ము ఏసుపాదం గొంతులోంచి రావలసిందే. నీటి పన్ను గడువు, పశువుల టీకాలు, మారిన సినిమా, తప్పిపోయిన పిల్లవాడు, పోయిన పెద్దమనిషి, అన్నిటినీ ఆయన తన ఆటో మీద కట్టిన రెండు మైకు బాకాల్లోంచి నిండు గొంతుతో చెప్పేవాడు. పేపర్లో చదివి అనుమానించినవాళ్ళు కూడా ఏసుపాదం మైకులో చెప్పాక నమ్మేవారు.

ఆ గొంతు వెనక ఉబ్బసం ఉంది. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఇన్‌హేలర్ ఉండేది. ఊళ్ళో దాన్ని పంపు అంటారు. ఆయాసం తోసుకొచ్చినప్పుడు దాన్ని నోట్లో పెట్టుకుని నొక్కితే బుస్సుమని మందు లోపలికి పోయేది, కాసేపటికి గొంతు మళ్ళీ విచ్చుకునేది.

వీరంపురంలో ఉబ్బసం వాళ్ళకు కొదవలేదు. తూర్పున మిర్చి యార్డు ఘాటు, పడమట కంకర మిల్లుల దుమ్ము, నడుమ మున్సిపాలిటీ చెత్తదిబ్బ. దిబ్బకు నిప్పు ఎవరు పెట్టారో తెలియదు. ఆర్పవలసిన పని ఏ శాఖదో తేలక అది రగులుతూనే ఉంది.

ఇటువంటి ఊరికి పర్యావరణాన్ని కాపాడటానికి శ్రీ కుసుమ హరనాథ్ గారు ప్రత్యేకాధికారిగా వచ్చారు. అంతకు ముందే ఆయన రాజధానిలో ఒక సదస్సుకు వెళ్ళారు. అక్కడ ఒక వక్త భోజనాలకు ముందు ఒక సంగతి చెప్పారు: ఇన్‌హేలర్లో మందును బయటికి తోసే గ్యాసు భూమిని వేడెక్కిస్తుంది, దాని బదులు పొడి మందు పీల్చే పరికరం వాడితే ఆ బాధ లేదు. అదే వక్త భోజనాల తర్వాత, పొడి మందు అందరికీ పనికిరాదనీ, ఎవరికి ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలనీ కూడా చెప్పారు. హరనాథ్ గారు భోజనాల తర్వాత లేరు.

వచ్చిన వారంలోనే ఆయన "హరిత శ్వాస మిషన్" ప్రారంభించి, ప్రభుత్వాసుపత్రి ఛాతీ వైద్యురాలు డాక్టర్ హైమవతిని సమావేశానికి పిలిపించారు.

"ఆలోచన మంచిదే సార్. పొడి మందు చాలామందికి సరిపోతుంది, నేనే మారుస్తాను. కానీ ముందు ఆ చెత్తదిబ్బ ఆర్పిస్తే సగం మందికి ఏ పంపూ అక్కర్లేదు" అంది హైమవతి.

"అది అంతర్శాఖా సమన్వయానికి సంబంధించిన అంశం డాక్టర్ గారూ. కంకర మిల్లులు గనుల శాఖ పరిధి. మిర్చి యార్డు మార్కెటింగ్ శాఖ పరిధి. మనం మన పరిధిలోని కాలుష్య కారకాలపై దృష్టి కేంద్రీకరించవలసి ఉంది."

"మన పరిధిలో ఎవరున్నారు సార్?"

"రోగులు" అన్నారు హరనాథ్ గారు.

మర్నాడు ఏసుపాదానికి మిషన్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. సూపరింటెండెంట్ పానకాలరావు ఒక కాగితం చేతిలో పెట్టి, ఒక్క ముక్క కూడా పోకుండా చదవాలని చెప్పాడు. ఆ సాయంత్రం ఊరంతా విన్నది.

"వీరంపురం పురప్రజలకు విజ్ఞప్తి! మీరు పీల్చుచున్న గ్యాసు ఇన్‌హేలర్లు భూమాత పాలిట నిప్పుల కుంపట్లు! వాటిని తక్షణమే ప్రభుత్వాసుపత్రిలో సమర్పించి, పర్యావరణ హితమైన పొడి పరికరమును ఉచితముగా పొందగలరు! మన ఊపిరి, మన బాధ్యత!"

చదివిన ఏసుపాదం తనే ముందు ఆసుపత్రికి వెళ్ళి పంపు ఇచ్చేశాడు. భూమాత మాటెలా ఉన్నా, మైకులో ఒకటి చెప్పి ఇంట్లో ఒకటి చేయటం ఆయనకు చేతకాదు. ఆయన వెనకే జనం వరస కట్టారు. మసీదు వీధిలో గాజులమ్మే బీబీజాన్ డెబ్బై ఏళ్ళ మనిషి. ఆమె కూడా ఇచ్చేసింది.

చాలామందికి పొడి మందు బాగానే కుదిరింది. ఏసుపాదానికి కూడా మామూలు రోజుల్లో ఇబ్బంది లేదు. కానీ ఒకనాటి సాయంత్రం మిర్చి యార్డు పక్కన మైకులో చెబుతుండగా ఆయాసం ముంచుకొచ్చింది. పొడి పరికరాన్ని బుస్సుమనిపించటానికి అందులో గ్యాసు లేదు. మనమే గట్టిగా, ఒక్క ఊపున లాగాలి. లాగటానికి ఆ సమయానికి ఏసుపాదం దగ్గర ఊపిరి లేదు. యార్డులో మిరప తొడిమలు తీసే సువార్తమ్మ పరుగెత్తుకొచ్చి, మొగుణ్ణి అదే ఆటోలో కూలేసి ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆవిరి యంత్రం పెట్టాక గాని ఆయన పెదాలకు రంగు రాలేదు.

"నీకు రోజూ పొడి మందే వాడదాం. కానీ ఇట్లా ఎగిసినప్పుడు మాత్రం గ్యాసు పంపు తప్పదు, జేబులో ఉండాలి. రాసిస్తాను" అంది హైమవతి.

రాసిచ్చింది కూడా. కానీ ఆసుపత్రి మందుల గదికి అప్పటికే ఉత్తర్వు అందింది. డాక్టరు రాసినంత మాత్రాన గ్యాసు పంపు ఇవ్వరాదు. రోగి "శ్వాస బలహీనతా ధ్రువపత్రం" తేవాలి. ఆ పత్రం కోసం మిషన్ కార్యాలయంలో స్వయంగా హాజరు కావాలి. ఊళ్ళో మందుల షాపులకు కూడా అదే ఉత్తర్వు వెళ్ళింది.

మిషన్ కార్యాలయం కలెక్టరేట్ వెనక భవనంలో మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గాని, విద్యుత్తు ఆదా కోసం ఆపేసి దాని తలుపుకు ఒక బొమ్మ అంటించారు. అందులో ఒక చెట్టు మెట్లెక్కుతూ నవ్వుతోంది. కింద పోర్టికోలో హరనాథ్ గారి కారు, ఆయన దిగి వచ్చేటప్పటికి లోపల చల్లగా ఉండాలని, ఇంజను ఆపకుండా గుర్రుమంటూ ఉంది.

ఏసుపాదం ఆ పొగ దాటుకుని మెట్లెక్కాడు. ఒక్కో మలుపు దగ్గరా గోడకు చేరగిలబడి, కళ్ళు మూసుకుని, మళ్ళీ ఎక్కాడు. పైకి చేరేసరికి మాట రావటం లేదు. పానకాలరావు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

"ఎట్టా వచ్చావయ్యా ఏసుపాదం?"

"మెట్లెక్కే అండీ."

"ఎవరన్నా పట్టుకున్నారా?"

"లేదండీ. నేనే."

పానకాలరావు నిజంగానే బాధపడ్డాడు. "అబద్ధమన్నా చెప్పలేకపోయావు. మూడో అంతస్తుకి సొంతంగా ఎక్కినవాడికి శ్వాస బలహీనత ఉందని నేనెట్టా రాసేది? పైన సారు ఊరుకుంటారా?"

"ఎక్కకపోతే మీరు రాయరు గదండీ."

"రాయను. స్వయంగా హాజరు కాలేదంటారు."

"మరి ఇప్పటిదాకా ఎవరికన్నా రాశారా?"

"ఒక్కరికీ రాయలేదయ్యా. ఎక్కలేనివాళ్ళు రాలేదు. వచ్చినవాళ్ళు ఎక్కారు."

ఈ సంగతి హరనాథ్ గారు రాజధానికి నివేదించారు. జిల్లాలో శ్వాస బలహీనత నిర్మూలింపబడినట్టు అర్హులైన దరఖాస్తుదారులు లేకపోవటమే నిరూపిస్తున్నదని రాశారు. ఇంత త్వరగా ఒక రోగం ఒక జిల్లా నుంచి పోవటం రాజధానిలో అందరికీ నచ్చింది.

సువార్తమ్మకు మాత్రం నచ్చలేదు. "నువ్వు మెట్లెక్కబట్టేగదా ఈ తంటా? ఎక్కొద్దు. ఎక్కిస్తా" అంది. మిర్చి యార్డు హమాలీల్లో ఆమె తమ్ముళ్ళు నలుగురున్నారు. మిర్చి టిక్కీల బస్తాలు మోసి మోసి రాయిలా గట్టిపడిన మనుషులు. మరుసటి సోమవారం వాళ్ళు ఏసుపాదాన్ని ఒక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఊరేగింపు దేవుడిలా ఎత్తుకుని మూడో అంతస్తుకు చేర్చారు. దారిలో ఆయన కాలు కూడా కింద పెట్టలేదు.

హరనాథ్ గారు ఆ దృశ్యం చూసి పరవశులయ్యారు. ఫొటోగ్రాఫరును పిలిపించారు. "ఇంధన రహిత రోగి రవాణా! ఉద్గారాలు శూన్యం! ఇది మన మిషన్ అనుబంధ విజయంగా నమోదు చేయండి." నలుగురు తమ్ముళ్ళతోనూ చేయి కలిపారు. ఆ తర్వాత దరఖాస్తు చూసి తల అడ్డంగా ఊపారు.

"స్వయంగా హాజరు కావలెనని నిబంధన. ఈయన హాజరు కాలేదు."

"ఎదురుగా కూర్చున్నాను గదండీ అయ్యా" అన్నాడు ఏసుపాదం.

"మీరు తేబడ్డారు. హాజరగుట వేరు, తేబడుట వేరు."

సువార్తమ్మ కొంగు బిగించింది. "అయ్యా, మా ఆయనకి ఆయాసం వస్తుందని మీకు ఎట్టా తెలియాలో మీరే చెప్పండి. అట్టాగే చేస్తాం."

ఇది న్యాయమైన ప్రశ్న అని హరనాథ్ గారు ఒప్పుకున్నారు. ప్రజల ఇబ్బందులు అర్థం చేసుకునే అధికారినని ఆయనకు పేరు. ఆ వారమే సవరణ జారీ చేశారు. ఇకపై మెట్లతో పని లేదు. ఇద్దరు గెజిటెడ్ అధికారుల ఎదుట ఆయాసం వచ్చినట్లయితే, ఆ ఇద్దరూ సాక్షి సంతకం చేస్తే, పత్రం అక్కడికక్కడే ఇవ్వబడుతుంది. అధికారుల పని ఒత్తిడి దృష్ట్యా, ఆయాసం రాబోవుచున్న సంగతి ముందు రోజు సాయంత్రంలోగా తెలియజేయవలెను.

ఈ సవరణను కూడా మైకులో చెప్పవలసింది ఏసుపాదమే. మసీదు వీధిలో ఆటో నెమ్మదిగా పోతుంటే బీబీజాన్ గడపలోంచి చెయ్యి ఊపింది. మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడక అలా కూర్చునే కాలం గడుపుతోందని పక్కింటివాళ్ళు చెప్పారు. ఆమె గాజుల పెట్టె మూలన మూతపెట్టి ఉంది.

"రేపు నాకు ఆయాసం వస్తదో రాదో ఈరోజే చెప్పాలంటనా నాయనా?" అంది.

"అట్టా రాశారు బీబమ్మా."

"నా పంపు నేనెందుకిచ్చానో తెలుసా? ఆఫీసర్లు చెప్పారని కాదు. మైకులో నువ్వు చెప్పావని."

ఏసుపాదం ఆటో వెనక్కి తిప్పాడు. మైకు ఆపేసి ఇంటికి వచ్చి, అన్నం ముందు కూర్చుని కలుపుతూ ఉండిపోయాడు. "నా గొంతు మీద నాకే అసహ్యంగా ఉంది సువార్తా" అన్నాడు. డాక్టర్ హైమవతికి ఫోను చేస్తే, ఆమె సాయంత్రం డ్యూటీ దిగి తన స్కూటీ మీద బీబీజాన్ ఇంటికి వెళ్ళి, ఆసుపత్రిలో మంచం చూసి చేర్పించింది. అక్కడ ఆవిరి యంత్రం ఉంది. యంత్రం మీదికి ఇంకా ఉత్తర్వు రాలేదు.

ఇంతలో రాజధాని నుంచి మిషన్ డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారని తెలిసింది. జిల్లాకు పురస్కారం. పురస్కారం ఊరకే తీసుకుంటే బాగుండదని, హరనాథ్ గారు ఒక ఘనకార్యం తలపెట్టారు. ప్రజలు సమర్పించిన పంపులన్నిటినీ మున్సిపల్ మైదానంలో రాశి పోయాలి. డైరెక్టరు గారు పచ్చ జెండా ఊపగానే వాటి మీదుగా రోడ్డు రోలరు నడవాలి. రాశి చిన్నదిగా కనపడుతుందని, ఆసుపత్రి స్టోరులో ఉన్న కొత్త సరుకంతా, సీలు విప్పని డబ్బాలతో సహా, తెచ్చి పోయించారు.

హైమవతికి ఈ సంగతి తెలిసి మూడో అంతస్తుకు పరుగున ఎక్కింది.

"సార్, ఆ డబ్బాల్లో గ్యాసు ఉంటుంది. రోలరు ఎక్కిస్తే అదంతా ఒక్కసారే గాల్లోకి పోతుంది. మనం ఆపాలనుకున్నదే అది కదా!"

హరనాథ్ గారు చిరునవ్వు నవ్వారు. "డాక్టర్ గారూ, రోగి వాడితే అది ఉద్గారం. ప్రభుత్వం ధ్వంసం చేస్తే అది నిర్మూలన."

సభ రోజు మైదానం నిండింది. మహిళా సంఘాలను లారీల్లో తెచ్చారు. వాళ్ళలో సువార్తమ్మ కూడా ఉంది. వేదిక వెనక జనరేటరు పొగ కక్కుతోంది. డైరెక్టరు గారు దిగగానే స్వాగతంగా పదివేల వాలా కాల్చారు. ఆ పొగలో నిలబడి మైకు పట్టుకున్నవాడు ఏసుపాదం.

"గౌరవనీయులైన మిషన్ డైరెక్టరు గారికి... వీరంపురం పురప్రజల తరఫున..."

అక్కడ గొంతు ఆగింది. తర్వాత వచ్చింది మాట కాదు. పిల్లనగ్రోవికి బీట పడితే వచ్చే శబ్దంలాంటిది. మైకు ఆయన చేతిలోనే ఉంది. మైదానం నాలుగు మూలలా కట్టిన బాకాలన్నీ ఆ ఈలనే ఊరికి వినిపించాయి. పీల్పు, ఈల, పీల్పు, ఈల. జనం మాటలు ఆపేశారు.

"సౌండ్ ఎఫెక్ట్ బ్రహ్మాండం! భూమాత ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టే ఉంది" అని డైరెక్టరు గారు చప్పట్లు కొట్టారు. వేదిక మీదివారంతా కొట్టారు.

ఏసుపాదం మోకాళ్ళ మీదికి జారాడు.

హైమవతి పరుగున వేదిక ఎక్కింది. "పంపు! ఎవరి దగ్గరన్నా పంపు ఉందా?" అని అరిచింది. ఊళ్ళో పంపులన్నీ ఎక్కడున్నాయో అప్పుడు అందరికీ ఒకేసారి కనిపించింది. మైదానం మధ్యలో, తాడు కట్టి, పూలదండ వేసి, నిలువెత్తు రాశి. దాని ముందు రోలరు ఇంజను స్టార్టు చేసి ఉంది.

సువార్తమ్మ తాడు కిందనుంచి దూరింది. కానిస్టేబులు చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. రాశి అంచునుంచి సీలు విప్పని డబ్బా ఒకటి లాక్కుని, పళ్ళతో అట్ట చింపుకుంటూ వేదిక మీదికి వచ్చింది.

"అమ్మా! అది మిషన్ ఆస్తి! ధ్వంసం నిమిత్తం కేటాయించినది!" అన్నారు హరనాథ్ గారు.

"ధ్వంసం మీరు తర్వాత చేసుకోండి, ముందు మనిషిని బతకనీండి" అంటూ ఆమె పంపును డాక్టరు చేతిలో పెట్టింది.

హైమవతి దాన్ని ఊపి, ఏసుపాదం పెదాల మధ్య పెట్టింది. "నెమ్మదిగా... నేను నొక్కుతాను, నువ్వు పీల్చు. ఆపు. వదులు. ఇంకోసారి." సువార్తమ్మ వీపు నిమురుతూ కూర్చుంది. కాసేపటికి ఈల పలచబడింది. ఇంకా కాసేపటికి ఏసుపాదం కళ్ళు తెరిచి భార్యను చూశాడు. జనంలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు.

హైమవతి లేచి వేదిక మీదివారి వైపు తిరిగింది. "ఇద్దరు గెజిటెడ్ అధికారుల ఎదుట ఆయాసం రావాలన్నారు. ఇక్కడ పదిమంది ఉన్నారు. సంతకాలు చేయండి."

డైరెక్టరు గారు అయోమయంగా పెన్ను తీశారు. హరనాథ్ గారు మర్యాదగా అడ్డుపడ్డారు. "క్షమించాలి సార్. ముందు రోజు తెలియజేయలేదు."

ఆ ఇబ్బందిని ఎలా దాటాలో ఎవరికీ తోచలేదు. అందుకని కార్యక్రమం ప్రకారం డైరెక్టరు గారి చేతికి పచ్చ జెండా ఇచ్చారు. చేతిలో జెండా ఉన్నాక ఊపటం అలవాటు కనుక ఆయన ఊపారు. రోలరు కదిలింది.

మొదట టపటపమన్నది. తర్వాత రాశి అంతా ఒక్కసారి బుసకొట్టింది. వెయ్యి పాములు లేచినట్టయింది. పేలిన డబ్బాలు తారాజువ్వల్లా ఎగిరి వేదిక మీద పడ్డాయి. తెల్లటి మబ్బు లేచి మైదానాన్ని కమ్మేసింది. డ్రైవరు రోలరు మీదనుంచి దూకేశాడు. అది తనంతట తానుగా వెళ్ళి వేదిక పక్కనున్న హరనాథ్ గారి కారును ముట్టుకుని ఆగింది. ఆ కారు ఇంజను అప్పుడు గాని ఆగలేదు.

మబ్బు విడిపోయాక ఒక విలేకరి డైరెక్టరు గారిని అడిగాడు. "సార్, ఇప్పుడు గాల్లోకి పోయిన గ్యాసు ఈ రోగులంతా వాడితే ఎన్నేళ్ళకు పోయేది?"

డైరెక్టరు గారు హరనాథ్ గారి వైపు చూశారు. "వాటిలో ఇంకా గ్యాసు ఉందా?"

"నిండుగా ఉందండీ. ఒక్క చుక్క కూడా రోగులు వృథా చేయకుండా కాపాడి ఉంచాం" అన్నారు హరనాథ్ గారు గర్వంగా.

మర్నాడు పేపర్లలో ఆ మాట పెద్ద అక్షరాల్లో వచ్చింది. ఇంకో నాలుగు రోజులకు మిషన్ నిలిపివేయబడింది. హరనాథ్ గారి సేవలను గుర్తించి చెరువుల పరిరక్షణకు బదిలీ చేశారు. చెరువులున్నవాళ్ళు భయపడుతున్నారు. ఎవరికి పొడి మందు, ఎవరికి గ్యాసు పంపు అన్నది మళ్ళీ డాక్టరు చేతికొచ్చింది. హైమవతి పొడి మందు కుదిరినవాళ్ళను దానిమీదే ఉంచింది. కుదరనివాళ్ళకు పంపులు తెప్పించి, అయిపోయినవి పారేయకుండా ఆసుపత్రికే తెచ్చివ్వమంది. ఇందులో సగం ఆమె మొదటి సమావేశంలో చేస్తానన్నదే.

పానకాలరావు స్వయంగా ఏసుపాదం ఇంటికి వచ్చి కొత్త కాగితం ఇచ్చాడు. "ఇది కూడా నువ్వే చదవాలయ్యా. నీ గొంతు అయితేనే జనం నమ్ముతారు" అన్నాడు, తల దించుకుని.

ఏసుపాదం కాగితం అందుకుని ఒకసారి చదువుకున్నాడు. తర్వాత లేచి ఆటో తీశాడు.

"పురప్రజలకు విజ్ఞప్తి! ఇన్‌హేలర్లకు సంబంధించి ఇంతకుముందు చేయబడిన ప్రకటనలు వినబడనట్లుగా భావించవలెను!"

మసీదు వీధిలో ఆటో ఆపాడు. బీబీజాన్ ఆసుపత్రి నుంచి వచ్చి రెండు రోజులైంది. గడపలో కూర్చుని గాజులు సర్దుకుంటోంది. ఏసుపాదం కాగితం మడిచి సీటు కింద పెట్టి మళ్ళీ మైకు తీసుకున్నాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా. ఆయాసం ఉన్నవాళ్ళు డాక్టరమ్మ దగ్గరికెళ్ళండి. ఆమె ఏది ఇస్తే అది వాడండి. మైకులో ఎవరు చెప్పినా, నేను చెప్పినా సరే, ఆమెని అడక్కుండా మీ మందు ఎవరికీ ఇవ్వబాకండి."

బీబీజాన్ గాజులు పక్కన పెట్టి తలెత్తింది. "ఇదన్నా నిజమేనా నాయనా?"

"నిజమే బీబమ్మా. ఇది కాయితంలో లేదు."